దుబాయ్ డెజర్ట్ సఫారీ: 60 దిర్హమ్‌లకూ 400కీ తేడా ఏంటి? నడుము నొప్పి ఉన్న అమ్మను తీసుకెళ్లవచ్చా?

డిసెంబర్ చివర్లో మీ ఆవిడ, నాలుగేళ్ల పాప, అరవై దాటిన అమ్మానాన్నలతో దుబాయ్ వస్తున్నామని రాశారు. డెజర్ట్ సఫారీకి ఒకరు 60 దిర్హమ్‌లు, ఇంకొకరు 180, మరొకరు 400 చెబుతున్నారని, అందరి దగ్గరా అవే ఫోటోలు, అదే జాబితా ఉన్నాయని అన్నారు. అమ్మగారికి నడుము నొప్పి. ఏది బుక్ చేయాలి, ఆ రోజు అసలేం జరుగుతుంది అన్నది మీ ప్రశ్న.

ముందు సమాధానం చెప్పేస్తాను. విడివిడిగా ఐదు షేరింగ్ టికెట్లు కొనకండి. ఒక ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే) బండి మొత్తం మీ కుటుంబానికే మాట్లాడుకోండి. ఆ బండి ముందు క్యాంపుకి వెళ్లి అమ్మగారినీ పాపనూ దింపాలి. ఆ తర్వాత మిగిలిన ముగ్గురినీ ఇసుక దిబ్బల మీదికి తీసుకెళ్లాలి. ఈ ఒక్క మాట బుకింగ్ వోచర్‌లో రాయించుకోండి. మీ ట్రిప్ బాగా జరగడానికి అన్నిటికంటే ఇదే ముఖ్యం.

నేను ఇక్కడ తొమ్మిదేళ్లు సఫారీ బండి నడిపాను. నాలుగేళ్లుగా ఒక టూర్ ఆఫీసులో బుకింగులు, బండ్ల సర్దుబాటు చూస్తున్నాను. రెండు వైపులా చూశాను కాబట్టి ఎక్కడ తేడా వస్తుందో చెప్పగలను.

ఫోటోలు ఎందుకు ఒకేలా ఉన్నాయంటే, అమ్మేవాళ్లు చాలామంది, క్యాంపులు కొన్నే. వెబ్‌సైట్లు, హోటల్ లాబీలో డెస్కులు, వాట్సాప్‌లో ఏజెంట్లు, వీళ్లలో చాలామందికి సొంత బండి గానీ సొంత క్యాంపు గానీ ఉండవు. మీ బుకింగ్ తీసుకుని వేరేవాళ్లకి అందిస్తారు. ఒకే క్యాంపులో, ఒకే భోజనం తింటూ, పక్కపక్కన కూర్చున్న రెండు కుటుంబాలు వేర్వేరు ధరలు కట్టి రావడం నేను తరచూ చూస్తాను. కాబట్టి ‘బెల్లీ డ్యాన్స్, తనూరా (గిరగిరా తిరుగుతూ చేసే నృత్యం), ఫైర్ షో, మెహందీ, ఒంటె సవారీ, బార్బెక్యూ డిన్నర్’ అనే ఆ జాబితాని పోల్చుకుంటూ టైమ్ వృథా చేసుకోకండి. అది అందరి దగ్గరా ఉండేదే. మీరు అడగాల్సింది మూడు: ఏ వాహనం వస్తుంది, అందులో మాతో పాటు ఇంకెవరుంటారు, దిబ్బల మీద ఎంతసేపు తిప్పుతారు.

60, 70 దిర్హమ్‌ల టికెట్‌కి చాలాసార్లు వచ్చేది బస్సు. బస్సు తారు రోడ్డు దాటి ఇసుకలోకి వెళ్లలేదు. ఎడారి అంచున దింపి, అక్కడి నుంచి వేరే బండిలో క్యాంపుకి చేరుస్తారు. డ్యూన్ బాషింగ్, అంటే బండిలో ఇసుక దిబ్బలు ఎక్కి దిగే సవారీ, కావాలంటే అక్కడే విడిగా డబ్బు కట్టాలి. పోయిన ఏడాది కొత్తగా పెళ్లయిన జంట ఒకరు మా ఆఫీసుకి వచ్చి బాధపడ్డారు. వేరే ఏజెంట్ దగ్గర చౌకగా దొరికిందని కొన్నారట. నలభై మంది ఉన్న బస్సెక్కి, అక్కడ దిగాక దిబ్బల సవారీకి అడిగినంత కట్టి, చివరికి మంచి ప్యాకేజీ ధర కంటే ఎక్కువే ఖర్చు పెట్టారు. వాళ్ల వోచర్ చూశాను. ‘ట్రాన్స్‌ఫర్’ అని ఉంది తప్ప ఏ వాహనమో ఎక్కడా లేదు. అంటే వాళ్లు గట్టిగా అడగడానికి కూడా ఆధారం లేకుండా పోయింది.

180 అన్నది సాధారణంగా షేరింగ్ ల్యాండ్ క్రూజర్, అంటే ఇతరులతో పంచుకునే పెద్ద ఫోర్ బై ఫోర్ బండి. డ్రైవర్ కాకుండా ఆరుగురు కూర్చుంటారు. మీరు ఐదుగురు కాబట్టి ఆరో సీట్లో ముక్కూముఖం తెలియని ఒకరుంటారు. ఆ ఒక్కరు దిబ్బలెక్కాలనే డబ్బు కట్టి వచ్చి ఉంటారు, మీ అమ్మగారి కోసం ఆగమని వాళ్లని అడగలేం. ఇక 400 చెప్పినవాళ్లని ఒకటే అడగండి: ఒక్కొక్కరికా, బండి మొత్తానికా? దాదాపు సగం గొడవలు ఈ ఒక్క మాట స్పష్టంగా అడగకపోవడం వల్లే. ఒక్కొక్కరికి 400 అంటే క్యాంపులో ముందు వరసలో సోఫా, భోజనం మీ టేబుల్ దగ్గరికే తెచ్చి వడ్డించడం, కాస్త కొత్త బండి ఉంటాయి. సుఖంగా ఉంటుంది. కానీ మీ పరిస్థితికి అవసరమైనది అది కాదు. మామూలు క్యాంపు, సొంత బండి చాలు. 5 శాతం వ్యాట్ కలిపి చెప్పారా లేదా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఆ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. సాయంత్రం సఫారీ మొత్తం సూర్యాస్తమయం లెక్కన నడుస్తుంది. డిసెంబర్‌లో ఇక్కడ సూర్యుడు ఐదున్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. జూన్ ఆఖర్లో ఏడు దాటుతుంది. అందుకే చలికాలంలో పికప్ ముందుగా ఉంటుంది, రెండు నుంచి మూడు మధ్య అనుకోండి. వోచర్‌లో ‘2:00–3:00’ అని గంట వెడల్పున రాస్తారు. షేరింగ్ అయితే మీ తర్వాత మరో రెండు మూడు హోటళ్లు తిరగాలి కాబట్టి ఆ గంట కూడా ఒక్కోసారి దాటుతుంది. మధ్యాహ్నం ఊరు చూడటానికి పెట్టుకున్న ప్లాన్ ఏదైనా ఉంటే పన్నెండున్నరకల్లా ముగించుకుని, తేలిగ్గా తిని, కాసేపు నడుం వాల్చండి. తిరిగి హోటల్‌కి చేరేసరికి రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర అవుతుంది. అదే రాత్రి ఫ్లైట్ పెట్టుకోకండి.

ఎక్కువ బండ్లు హత్తా రోడ్డు మీదుగా లహ్‌బాబ్ వైపు వెళ్తాయి. ఊరు నుంచి ముప్పావు గంట, గంట ప్రయాణం. అక్కడి ఇసుక ఎర్రగా ఉంటుంది, ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పూత ఉండటం వల్ల. ఎండ వాలే వేళ ఆ ఎరుపు ఇంకా ముదురుతుంది. తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఇప్పటికీ బండి ఆపి చూడాలనిపిస్తుంది. ఇంకా దగ్గర్లో అవీర్ వైపు దిబ్బలు కూడా ఉన్నాయి కానీ అవి చిన్నవి, ఇసుక లేత రంగులో ఉంటుంది. మీ ప్యాకేజీ ఏ వైపో అడిగితే చెబుతారు.

ఇసుకలోకి దిగే ముందు అరగంట సేపు ఒకచోట ఆగుతారు. అక్కడ టైర్లలో గాలి తీయాలి. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ దాకా ఉండే గాలిని 15 దగ్గరికి దించుతాం. అప్పుడు టైరు పరుచుకుని, బరువు ఎక్కువ చోటు మీద పడి, బండి కూరుకుపోకుండా తేలుతుంది. ఈ అరగంటలోనే మీ జేబుకి పని పడుతుంది. ఎవరో నవ్వుతూ వచ్చి మీ తలకి అరబ్బుల రుమాలు చుట్టేస్తారు, అది ఉచితం కాదు. చేతి మీద డేగని పెట్టి ఫోటో తీస్తారు, అదీ ఉచితం కాదు. ఇష్టమైతే సంతోషంగా తీసుకోండి, ముందు ధర అడిగాకే. క్వాడ్ బైకులు అద్దెకిచ్చేది కూడా చాలావరకు ఇక్కడే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: హెల్మెట్ ఇవ్వని చోట, ముందు ఒక గైడ్ నడవని చోట క్వాడ్ ఎక్కకండి. దిబ్బ అవతల ఏముందో కొత్తవాళ్లకి కనిపించదు. నేను చూసిన చెయ్యి విరగడాలు, భుజం జారడాలు ఎక్కువ క్వాడ్ల మీదే తప్ప ల్యాండ్ క్రూజర్లలో కాదు.

ఇక డ్యూన్ బాషింగ్. ప్యాకేజీని బట్టి ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట. దిబ్బకి గాలి వీచే వైపు వాలు నెమ్మదిగా, ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది. అవతలి వైపు ఇసుక జారి పడుతూ ముప్పై డిగ్రీలు దాటిన ఏటవాలు అవుతుంది, మెత్తగా ఉంటుంది. డ్రైవర్ గట్టి వైపు నుంచి వేగంగా ఎక్కి, శిఖరం దగ్గర వేగం తగ్గించి, మెత్తటి వైపు జారతాడు. ఆ జారేటప్పుడు పొట్టలో గాలి పోయినట్టు అవుతుంది. దాన్ని కొందరు జీవితాంతం చెప్పుకుంటారు, కొందరు రెండో దిబ్బకే కళ్లు మూసుకుంటారు. బండిలో లోపల ఇనుప కడ్డీల పంజరం ఉంటుంది, బెల్టులు ఉంటాయి. బెల్టు పనిచేస్తుందో లేదో రోడ్డు మీద ఉండగానే ప్రతి సీటుకీ లాగి చూసుకోండి. పనిచేయకపోతే బండి మార్చమనండి. మొహమాటపడకండి.

కుదుపు అందరికీ ఒకేలా ఉండదు. ముందు సీట్లో అన్నిటికంటే తక్కువ, వెనక్కాల మూడో వరసలో అన్నిటికంటే ఎక్కువ. నాన్నగారు వస్తే ఆయన్ని ముందు కూర్చోబెట్టండి, మీరిద్దరూ మధ్య వరసలో ఉండండి. బండి మీదే కాబట్టి మూడో వరస ఖాళీగా వదిలేయవచ్చు. వికారం వచ్చేవాళ్లు ఫోన్‌లో వీడియో తీయడం ఆపి దూరంగా ఎదురుగా చూడాలి. ప్రయాణాల్లో వాంతులయ్యే అలవాటుంటే మీ డాక్టర్‌ని అడిగి మాత్ర తెచ్చుకుని, దిబ్బలకి గంట ముందే వేసుకోండి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది పనిచేసేలోపు సవారీ అయిపోతుంది. ‘మెల్లగా నడపండి’ అని చెబితే డ్రైవర్ వింటాడు. షేరింగ్ బండిలో మిగతావాళ్లు ఒప్పుకోవాలి, సొంత బండిలో మీ మాటే మాట. నాన్నగారికి గుండెకి సంబంధించిన సమస్య గానీ, ఈమధ్య ఏదైనా ఆపరేషన్ గానీ ఉంటే ఆయన కూడా క్యాంపులోనే ఉండాలి.

అమ్మగారి విషయం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే సెలవు మొత్తం పోతుంది. నడుము, మెడ నొప్పి ఉన్నవాళ్లు దిబ్బల మీదికి వెళ్లకూడదు. ‘మెల్లగా పోతాం’ అన్నా సరే. దిబ్బ దిగి కింద చదును తగిలేటప్పుడు వచ్చే దెబ్బ నిలువుగా వెన్నులోకి వెళ్తుంది. అది డ్రైవర్ నైపుణ్యంతో తగ్గుతుంది కానీ పోదు. నేను బండి నడిపే రోజుల్లో ఒక పెద్దావిడ, అరవై రెండేళ్లుంటాయి, కొడుకు సరదా చెడగొట్టడం ఇష్టం లేక నొప్పి సంగతి చెప్పలేదు. బుకింగ్ తీసుకున్న ఏజెంట్ అడగలేదు, నాకు ఎవరూ చెప్పలేదు. నాలుగో దిబ్బ దగ్గర అద్దంలో ఆమె ముఖం చూసి బండి ఆపాను. ఆమె తనంతట తాను దిగలేకపోయింది. మిగిలిన నాలుగు రోజులూ హోటల్ గదిలోనే ఉన్నారని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ప్రతి కుటుంబాన్నీ బండి కదిలే ముందు నేనే అడిగేవాణ్ని, ముఖ్యంగా ఆడవాళ్లని. ఇంట్లో అందరి ముందూ వాళ్లు ‘నాకేం కాదు’ అంటారు. మీ అమ్మగారు కూడా అలా అనవచ్చు, మీరే ముందుగా నిర్ణయం తీసుకోండి.

చాలా క్యాంపులకి దిబ్బలెక్కకుండా చదును దారి ఉంటుంది. బుక్ చేసేటప్పుడే ‘ఇద్దరు డైరెక్ట్‌గా క్యాంపుకి, దిబ్బలు వద్దు’ అని చెప్పండి. ఆ క్యాంపు ఎన్నింటికి తెరుస్తారో, మిమ్మల్ని దింపే టైమ్‌కి లోపల మనుషులుంటారో లేదో అడగండి. ఖాళీ క్యాంపులో అమ్మగారూ పాపా గంటసేపు కూర్చోవాల్సి రాకూడదు.

పాపకి నాలుగేళ్లు. మూడేళ్ల లోపు పిల్లల్నీ గర్భిణులనూ చాలా కంపెనీలు దిబ్బల మీదికి తీసుకెళ్లవు. నాలుగేళ్ల పిల్లల్ని కొందరు ఒప్పుకుంటారు. నేను మాత్రం వద్దంటాను. ఆ వయసులో మెడ సన్నగా, తల బరువుగా ఉంటుంది, పెద్దవాళ్ల బెల్టు వాళ్ల ఒంటికి సరిగ్గా కూర్చోదు. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఇంకా ప్రమాదం. హోటల్ నుంచి క్యాంపు దాకా వెళ్లే దారికి కూడా చైల్డ్ సీటు అడగండి, నాలుగేళ్లు నిండని పిల్లలకి ఇక్కడి ట్రాఫిక్ చట్టం ప్రకారం అది తప్పనిసరి, నిండినా ఉంటేనే మంచిది. పదేళ్లు నిండని పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టడం కూడా కుదరదు.

క్యాంపులో గహ్వా (అరబ్బుల కాఫీ), ఖర్జూరాలతో స్వాగతం చెబుతారు. కింద పరుపులు, దిండ్లు, ఎత్తు తక్కువ బల్లలు ఉంటాయి. అమ్మగారు కింద కూర్చుని లేవలేరు కాబట్టి కుర్చీ కావాలని వోచర్‌లోనే రాయించండి. అడిగితే ఇస్తారు, కానీ జనం నిండాక అడిగితే వెతకాలి. ఒంటె సవారీ అంటే ఎడారిలో దూరంగా వెళ్లడం అనుకోకండి, క్యాంపు బయట రెండు మూడు నిమిషాల చుట్టు. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుంది, మనం ముందుకి తూలుతాం. పిడి గట్టిగా పట్టుకుని వెనక్కి వాలాలి. దిగేటప్పుడూ అంతే. పాప మీ ముందు కూర్చుని ఎక్కవచ్చు, ఆమెకి అదే ఆ రోజు గుర్తుండిపోయే సంగతి అవుతుంది. మెహందీ చిన్న డిజైన్ వరకు ఉచితం, పెద్దదైతే డబ్బు తీసుకుంటారు.

భోజనం గురించి టెన్షన్ పడకండి. మనవాళ్లు ఎక్కువగా వస్తారు కాబట్టి పప్పు, కూర, అన్నం, రొట్టె, సలాడ్లు ఉంటాయి. శాకాహారులైతే ముందే చెప్పండి, శాకాహారానికి విడిగా కౌంటర్ ఉన్న క్యాంపుకి పంపించమని అడగండి. ఒకే గరిటె అటూ ఇటూ తిరిగే చోట అమ్మగారు తినలేకపోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి తినరంటే మాత్రం ఏదైనా వెంట తెచ్చుకోవడమే నయం. షోలు రాత్రి ఏడు తర్వాత. రంజాన్ నెలలో సంగీతం, నృత్యాలు ఉండవు. మీ డిసెంబర్ ట్రిప్‌కి ఆ సమస్య లేదు.

డిసెంబర్ అంటే ఎండ హాయిగా ఉంటుంది, కానీ పొద్దుగూకాక ఎడారి త్వరగా చల్లబడుతుంది. ఊళ్లో చలి లేదని పలచటి బట్టలతో వచ్చి క్యాంపులో వణికినవాళ్లని చాలామందిని చూశాను. పెద్దవాళ్లకి శాలువా, పాపకి స్వెటర్, టోపీ. చెప్పులే మంచివి, షూలలో ఇసుక నిండుతుంది. కళ్లలో లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజు కళ్లజోడు వాడండి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ చేతి సంచిలో ఉండాలి, హోటల్‌లో కాదు. జేబులో ఫోన్ పెట్టుకుని ఇసుక మీద జారకండి. పడిపోతే అది దొరకడం చాలా కష్టం.

అసలు దిబ్బలే వద్దు, అందరం కలిసే ఉండాలి అనుకుంటే ఇంకో దారి ఉంది. దుబాయ్ డెజర్ట్ కన్జర్వేషన్ రిజర్వ్ అని 225 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ఉంది. కొద్దిమంది ఆపరేటర్లకే లోపలికి అనుమతి. అక్కడ నెమ్మదిగా నడిచే బండిలో అరేబియన్ ఓరిక్స్, జింకలు చూపిస్తారు. ఓరిక్స్ అంటే పొడవాటి కొమ్ములున్న తెల్లటి జంతువు. 1972 నాటికి అడవుల్లో పూర్తిగా అంతరించిపోతే, జూలలో పెంచి మళ్లీ ఎడారిలోకి వదిలారు. ధర మామూలు సఫారీకి రెండు మూడింతలు ఉంటుంది. మీ అమ్మగారి కోసం అడిగితే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే, నేను దీన్నే చెబుతాను. ఉదయం సఫారీలు కూడా ఉంటాయి, కానీ అవి దిబ్బల సవారీ వరకే, డిన్నర్, షోలు ఉండవు.

డబ్బు కట్టే విషయం. దుబాయ్‌లో సఫారీ నడిపే కంపెనీకి పర్యాటక శాఖ లైసెన్స్ ఉండాలి. వోచర్ మీద కంపెనీ పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఎవరిదో సొంత ఖాతాకి మొత్తం డబ్బు ముందే పంపమంటే వదిలేయండి. పికప్ అప్పుడు కడతామంటే ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రద్దు నిబంధన కూడా చదవండి. మీరు మానేస్తే ఎన్ని గంటల ముందు చెప్పాలి, వాతావరణం వల్ల వాళ్లు మానేస్తే డబ్బు వెనక్కిస్తారా, లేక వేరే తేదీ మాత్రమే ఇస్తారా. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ కురిసిన వాన 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ కురవనంత వాన. ఊరు మునిగింది, సఫారీలు ఆగిపోయాయి. మర్నాడు ఫ్లైట్ ఉన్నవాళ్లకి ‘వేరే తేదీ’ ఎందుకు పనికొస్తుంది? డబ్బు వాపసు అని రాతలో ఉన్నవాళ్లకి వచ్చింది, లేనివాళ్లు నెలల తరబడి మెయిళ్లు రాశారు. డిసెంబర్, జనవరిలో కూడా ఒకటి రెండు వానలు పడతాయి కాబట్టి సఫారీని ట్రిప్ ఆఖరి రోజుకి పెట్టకండి, రెండో రోజుకో మూడో రోజుకో పెట్టండి. డిసెంబర్ ఆఖరి వారం బాగా రద్దీ. సొంత బండి కావాలంటే కనీసం రెండు వారాల ముందు బుక్ చేయాలి.

బుక్ చేసేటప్పుడు వాట్సాప్‌లో ఈ మాటలే పంపండి: ‘పెద్దవాళ్లు నలుగురు, నాలుగేళ్ల పాప. ప్రైవేట్ ఫోర్ బై ఫోర్, మొత్తం బండి ధర వ్యాట్‌తో కలిపి చెప్పండి. ఇద్దరు దిబ్బలెక్కరు, ముందు క్యాంపులో దింపాలి. ముగ్గురికి లహ్‌బాబ్‌లో అరగంట డ్యూన్ బాషింగ్. క్యాంపులో ఒక కుర్చీ, శాకాహారం, చైల్డ్ సీటు. వానొస్తే డబ్బు వాపసు.’ దీనికి పాయింటు పాయింటుగా జవాబిచ్చిన వాళ్ల దగ్గరే తీసుకోండి. ‘నో ప్రాబ్లమ్ సర్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంకొకరిని చూడండి.

మీ హోటల్ ఏ ప్రాంతంలో ఉందో రాయలేదు. దేరా, బర్ దుబాయ్ అయితే ఒక లెక్క, మరీనా వైపు అయితే అరగంట ముందు బయల్దేరాలి. అది చెబితే పికప్ ఎన్నింటికి అడగాలో, అమ్మగారికి దారిలో ఎక్కడ కాసేపు ఆగవచ్చో రాస్తాను.